మూడు ఫీట్లకు ఒక ఫీటు పెట్టిన పత్తి: మెపిక్వాట్ ఇప్పుడు కొట్టాలా, ఆగాలా?

జైనథ్_పత్తిచేను:

అందరికీ నమస్తే. మాది ఆదిలాబాద్ జిల్లా జైనథ్ మండలం. చేను రెండు తుకుడాలు. వాగు పక్కన రెండున్నర ఎకరాలు మంచి నల్లరేగడి, మనిషి లోతు తవ్వినా అదే మట్టి. ఊరి మీదికి ఉన్న మూడు ఎకరాలు బరక నేల, జానెడు లోతుల్నే మొరం తగులుతది.

ఇన్నేళ్లు బాపు రెండింట్లో మూడు ఫీట్ల అచ్చు తోలి, మూడు ఫీట్లకే గింజ పెట్టిండు. నిలువు, అడ్డం గుంటుక తిరిగేది, కూలీలతో కలుపు తీసే పని తక్కువ. ఈ ఏడు నేను పట్టుబట్టి నల్లరేగడిల మూడు ఫీట్ల సాలుకు ఒక ఫీటు ఎడం పెట్టించిన. బరక నేలల బాపు ఒప్పుకోలే, అక్కడ పాత లెక్కనే.

విత్తింది జూన్ రెండో వారం. ఇప్పుడు యాభై రోజులు దాటింది. రెండు వారాలుగా ముసురు విడవలే. నల్లరేగడి పత్తి నడుం దాకా వచ్చింది, సాలూ సాలూ కలవనీకి దగ్గరున్నయ్. రెండు సార్లు యూరియా పడ్డది. గూడ (పూమొగ్గ) బాగానే పట్టింది కానీ పొద్దున పోయి చూస్తే సాళ్ల మధ్యల పచ్చి గూడ రాలి కనబడుతున్నది. బరక నేలల పత్తేమో మోకాలు కూడా దాటలే.

మందుల దుకాణంల అడిగితే ఎత్తు ఆగే మందు అని మెపిక్వాట్ క్లోరైడ్ 5 శాతం డబ్బా ఇచ్చిండు. దాంతోపాటు పూత మందు అని ఒక టానిక్ సీసా. రెండూ కలిపి మొత్తం చేను మీద కొట్టుమన్నడు. టానిక్ సీసా వెనుక సన్న అక్షరాలల్ల జిబ్బరెల్లిక్ యాసిడ్ అని రాసి ఉంది. బాపు అంటున్నడు: "పెరిగే చెట్టును ఆపుడేందిరా, పెరిగితేనే గదా కాయ" అని. డబ్బాలు రెండూ ఇంట్ల అట్లనే ఉన్నయ్, ఇంకా మూత తియ్యలే.

కొట్టాల్నా? కొడితే ఏ తుకుడల, ఎంత? వచ్చే ఏడు దూరం ఎట్ల పెట్టుకోవాలె? కొంచెం వివరంగ చెప్పుండ్రి.

పల్నాడు_ప్రత్తి:

తమ్ముడూ, మాది సత్తెనపల్లి దగ్గర. మా వైపు నల్లరేగట్లో ప్రత్తి మనిషెత్తు పెరగటం మామూలే. మేం 75, 80 రోజులప్పుడు తలలు తుంచుతాం. పైన చిగురు ఒక్కటే, రెండు వేళ్లతో గిల్లటం, అంతే. పైకి పోయే జోరు తగ్గి పక్క కొమ్మల్లో కాయ ఊరుతుంది. మందు ఖర్చు లేదు గానీ కూలి ఖర్చు ఉంటుంది, అదీ ఒత్తు ప్రత్తిలో మొక్కలు ఎక్కువ కాబట్టి ఇంకా పెరుగుతుంది.

గూడ రాలకుండా ప్లానోఫిక్స్ అనే హార్మోన్ మందు వాడతాం. 4.5 లీటర్ల నీళ్లకి 1 మి.లీ. మాత్రమే. ఇంకొంచెం పోద్దాంలే అనుకుంటే నిలవాల్సిన గూడ కూడా రాలిపోద్ది, జాగ్రత్త. నీ టానిక్ సంగతి నాకు తెలియదు గానీ, అందులో పెరిగే మందు ఉంటే ఆపే మందుతో ఎలా కలుపుతారు? నాకు అర్థం కాలేదు.

నర్సంపేట_రేగడి:

తమ్మీ, ముందుగాల ఆ టానిక్ పక్కకు పెట్టు. మెపిక్వాట్ చేసే పనే చెట్టు లోపల జిబ్బరెల్లిన్ తయారు కాకుండా ఆపుడు. ఆ జిబ్బరెల్లిన్ వల్లనే కణుపుకూ కణుపుకూ మధ్య కాడ సాగుతది. నువ్వు ఒక చేత్తో అది తయారు కాకుండా ఆపి, ఇంకో చేత్తో అదే జిబ్బరెల్లిన్‌ను సీసాల నుంచి తెచ్చి పోస్తవా? రెండు డబ్బాల పైసలూ మట్టిపాలే. మా దిక్కు కూడా ఇట్లనే జంటగ అంటగడుతున్నరు. చెట్టు గురించి ఒక్క మాట అడగకుండ మందు చేతుల పెట్టేటోళ్లను చూస్తే నాకు మనసు మండుతది, ఎందుకంటే నష్టం పోయేది రైతింటికే.

నేను నర్సంపేట దగ్గర పత్తి, మక్క, మిర్చి చేస్త. ఇంటాయన మార్కెట్ పనులు చూసుకుంటడు, చేను పని నాది. మాకూ నీలెక్కనే రెండు రకాల నేల ఉంది, అందుకే ఇంత పొడుగు రాస్తున్న.

ముందు దూరం సంగతి. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. మూడు ఫీట్లకు మూడు ఫీట్లు పెడితే 4,840 చెట్లు. మూడుకు రెండు పెడితే 7,260. మూడుకు ఒకటి పెడితే 14,520. మూడు ఫీట్ల సాల్లో అరఫీటుకు ఒకటి పెడితే 29,000 దాటుతది. ఇప్పుడు ఎకరానికి ఎనిమిది క్వింటాళ్లు రావాలనుకో. ఒక కాయకు నాలుగు గ్రాముల పత్తి వేసుకుంటే రెండు లక్షల కాయలు కావాలె. పాత అచ్చుల ఒక్కో చెట్టుకు 41 కాయలు నిలవాలె. నీ కొత్త లెక్కల 14 చాలు. అరఫీటు లెక్కల ఏడు కాయలైతే సరిపోతది. నలభై కాయలు మోసే చెట్టు కావాలంటే దానికి పెద్ద కొమ్మలు, ఎక్కువ రోజులు, లోతు మట్టి, చివరి దాకా నేలల పదును (తడి), అన్నీ కావాలె. ఏడో పద్నాలుగో మోసుడు చిన్న చెట్టుకైనా చేతనైతది.

ఇంకో సంగతి కాలం. పత్తి చెట్టు కింద నుంచి ఐదారు కణుపులు దాటినంక కాయ కొమ్మ వేస్తది. ఆ తర్వాత దాదాపు మూడు రోజులకొక కొత్త కాయ కొమ్మ పైన వస్తది. కానీ ఒకే కొమ్మ మీద మొదటి గూడకు, రెండో గూడకు మధ్య ఆరు రోజులు పడుతది. కాండానికి దగ్గరున్న మొదటి కాయలే బరువు తూగుతయ్, ముందు పగులుతయ్. ఒత్తుగ పెట్టిన చేనుల పంట అంతా ఆ మొదటి కాయల మీదనే నడుస్తది. అందుకే తొందరగ, ఒక్కసారే వచ్చినట్టు పగులుతది. పూత నుంచి కాయ పగలనీకి యాభై రోజుల దాకా పడుతది గదా, నవంబర్, డిసెంబర్‌ల గులాబీ రంగు పురుగు ఉధృతి పెరిగే సరికి మన కాయలు సగం ఇంటికి చేరితే ఎంత ధీమా! పెద్ద చెట్టు, పైపైన సంక్రాంతి దాకా పూసుకుంట పోయే చెట్టు, ఆ పురుగుకు మేత పెట్టినట్టే.

ఇక మీ బాపు మాట. ఆయన మూడుకు మూడు పెట్టినదాంట్ల అర్థం ఉంది. అడ్డం గుంటుక తిరగాలంటే నిలువు, అడ్డం ఒకే ఎడంతోనే పెట్టాలె. ఎద్దులున్న ఇంట్ల కలుపు ఖర్చు సగం అక్కడనే మిగులుతది. నువ్వు ఒక ఫీటుకు దిగినవంటే అడ్డం గుంటుక బంద్. చెట్టు చుట్టూ ఉన్న గడ్డిని మనిషి చేత్తోనే తియ్యాలె. ముసురు పట్టినప్పుడు గుంటుక దిగదు, కూలీలు దొరకరు, గడ్డి మాత్రం ఆగదు. ఒత్తు పత్తి పెట్టాలనుకునేటోడు మందు ధర కన్నా ముందు ఈ లెక్క వేసుకోవాలె.

ఇంకొకటి మీ బాపు అన్నది, పెరిగితేనే కాయ అని. అది బరక నేలకు సత్యం. నల్లరేగడికి సత్యం కాదు. ఎందుకంటే ఈ మందు కాయలు పెంచే మందు కాదు. ఇది చెట్టు జోరుకు పగ్గం. జోరు లేనికాడ పగ్గం గుంజితే ఉన్న నడక కూడా ఆగుతది. నీ బరక నేలల పత్తి మోకాలు దాటలేదంటున్నవు, అక్కడ ఒక్క చుక్క కూడా పడొద్దు. అక్కడ పది రోజులు వాన మొకం చాటేస్తే చెట్టు తనంతట తానే ముడుచుకుంటది. దాని మీద మెపిక్వాట్ పడితే కొత్త కాయ కొమ్మలు తగ్గుతయ్, వానొచ్చినా తొందరగ లేవదు. దుకాణపాయన "మొత్తం చేను మీద" అన్న మాట ఎంత ప్రమాదమో చూడు.

నల్లరేగడి తుకుడల కొట్టాలా అంటే, నా మాట మీద కొట్టకు, చెట్టునడుగు. చేనుల అడ్డదిడ్డంగ తిరిగి, గట్టు పక్క చెట్లు వదిలేసి, లోపలి చెట్లు ఓ ఇరవై పట్టుకో. కొసన పూర్తిగ విప్పుకున్న ఆకు దగ్గర నుంచి కిందికి కణుపులు లెక్కపెట్టు. నాలుగో కణుపుకూ ఐదో కణుపుకూ మధ్య ఎంత దూరముందో వేలు పెట్టి చూడు. రెండు, రెండున్నర అంగుళాలు దాటితే చెట్టు పరుగులో ఉన్నట్టు. రెండు లోపలుంటే దాని జోలికి పోకు. ఇంతకు ముందే సాగిపోయిన కింది కణుపులను ఏ మందూ పొట్టి చెయ్యదు, రాబోయే కణుపులనే పొట్టి చేస్తది. అందుకే ఛాతీ దాకా పెరిగినంక కొట్టి లాభం లేదు.

ఇంకో గుర్తు పూత మొదలైనంక పనికొస్తది. పత్తి పువ్వు మొదటి దినం తెల్లగ ఉంటది, మర్నాడు గులాబీ రంగుకు తిరుగుతది. చెట్టు మీద కాండానికి దగ్గరగ, అన్నిటికన్నా పైనున్న తెల్ల పువ్వును చూడు. అక్కడి నుంచి కొస దాకా ఎన్ని కణుపులు? ఎనిమిది, తొమ్మిది ఉంటే ఇంకా పెరిగే తాకత్ ఉన్నది. ఐదుకు దిగిందంటే కాయల బరువుతోనే చెట్టు ఆగుతున్నది, డబ్బా మూత తియ్యకు.

రాలిన గూడ సంగతి కూడా చూసినంకనే మందు. పది గూడలు ఏరి గోటితో చీల్చు. రంధ్రం, లోపల పురుగు విసర్జన ఉంటే అది పురుగు పని, దానికి లెక్క వేరే. రంధ్రం లేకుండ కాడ దగ్గర పసుపుపచ్చ తిరిగి ఊడిందంటే ముసురు, నీడ పని. రెండు వారాలు ఎండ లేకపోతే పత్తి గూడను పట్టుకోలేదు. గూడ రాలితే తినేటోళ్లు తగ్గి ఆ బలమంతా కాండానికి పోతది, చెట్టు ఇంకా ఎత్తు లేస్తది, నీడ ఇంకా పెరుగుతది, ఇంకా గూడ రాలుతది. నీ చేనుల ఇప్పుడు నడుస్తున్నది ఇదే అని నాకు అనిపిస్తున్నది. చూసి చెప్పు, అప్పుడు మోతాదు మాట్లాడుదాం.

రిటైర్డ్_ఏఓ:

పై అమ్మ చెప్పినదానికి కొంచెం చేరుస్తాను. వ్యవసాయ శాఖలో ఎక్కువ కాలం పత్తి మండలాల్లోనే పనిచేశాను.

మెపిక్వాట్ క్లోరైడ్ 5 శాతం మందు లీటరు నీటికి 1 మి.లీ. కలిపితే 50 పీపీఎం (పది లక్షల వంతుల్లో 50 వంతులు) ద్రావణం అవుతుంది. ఒత్తు పత్తిలో లీటరుకు 1 నుంచి 1.2 మి.లీ. చొప్పున 45 రోజుల ప్రాంతంలో ఒకసారి, 60, 65 రోజులప్పుడు రెండోసారి చల్లడం వాడుకలో ఉంది. ఎకరానికి 150 నుంచి 200 లీటర్ల ద్రావణం పడితే, లీటరుకు 1 మి.లీ. లెక్కన మందు కూడా 150 నుంచి 200 మి.లీ. అవుతుంది. పొరపాటు జరిగేది ఎక్కడంటే పంపు మార్చినప్పుడు. చేతి పంపు 16 లీటర్లు, ఇంజిన్‌తో నడిచే తైవాన్ పంపు ఇంకా పెద్దది, కానీ తైవాన్ పంపుతో ఎకరం తక్కువ నీళ్లలోనే అయిపోతుంది. "ట్యాంకుకు ఒక మూత" అని లెక్క పెట్టుకోవద్దు. కొలిచే గ్లాసు వాడండి, డబ్బా మీది ఎకరా మోతాదు దాటకండి.

చల్లిన వారం పది రోజుల్లో కొత్త ఆకులు ముదురు ఆకుపచ్చగా, కాస్త మందంగా వస్తాయి. చాలామంది ఆ రంగు చూసి పంట బలపడింది, యూరియా పనిచేసింది అనుకుంటారు. రంగు మారినంత మాత్రాన దిగుబడి పెరిగినట్టు కాదు. మందు ప్రభావం రెండు మూడు వారాలే, చెట్టు పెరిగేకొద్దీ అది పలచబడిపోతుంది. అందుకే ఒకేసారి ఎక్కువ పోయడం కంటే అవసరం చూసి రెండు విడతలుగా తక్కువ మోతాదు మంచిది.

పంపు కడగడం గురించి తప్పక చెప్పాలి. మక్కలోనో వరిలోనో 2,4-డి కొట్టిన పంపు సరిగా కడగకుండా పత్తిలోకి తెస్తే, ట్యాంకు అడుగున మిగిలిన కొద్దిపాటి మందుకే పత్తి ఆకులు సన్నగా చీలి వేళ్ల మాదిరి సాగిపోతాయి. అది కూడా ఒక రకం హార్మోన్ మందే, పత్తి దాన్ని అసలు తట్టుకోదు. పక్క చేను నుంచి గాలికి కొట్టుకొచ్చినా ఇదే జరుగుతుంది. ఆ ఆకులు చూసి వైరస్ తెగులని మందులు కొట్టినవాళ్లు నాకు తెలుసు. కలుపు మందుకు పంపు వేరే పెట్టుకోవడమే మేలు.

దూరం విషయంలో మన దేశానికి ఉన్న చిక్కు విత్తనం. చైనాలో షిన్‌జియాంగ్ ప్రాంతంలో హెక్టారుకు రెండు లక్షలు దాటి మొక్కలు పెట్టి, మెపిక్వాట్‌తో ఎత్తు కట్టడి చేసి, తలలు తుంచి పండిస్తారు. బ్రెజిల్, ఆస్ట్రేలియా, అమెరికా కూడా మనకంటే ఎంతో ఒత్తుగా వేస్తాయి. వాళ్లలో ఎక్కువమంది వాడేది సూటి రకాలు, అంటే హైబ్రిడ్ కానివి. మనం వాడేది దాదాపు అంతా బీటీ హైబ్రిడ్. 2025 సీజన్‌కు 475 గ్రాముల బీజీ-2 (బీటీ పత్తి విత్తనం) ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. ప్యాకెట్‌కు సుమారు ఐదు వేల గింజలు వేసుకుంటే మూడుకు ఒక ఫీటు దూరానికి మూడు ప్యాకెట్లు, అంటే 2,700 పైనే. అరఫీటుకు దిగితే ఆరు ప్యాకెట్లు, 5,400 పైమాటే. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ సూరజ్ వంటి సూటి రకాలతో ఈ ఒత్తు పద్ధతిని విదర్భలో చేసి చూపించింది, కారణం ఇదే: చెట్టు గుత్తంగా ఉంటుంది, గింజ ఖర్చు తక్కువ. తర్వాత బీటీ హైబ్రిడ్లతో 90×15 సెంటీమీటర్ల దూరం అకోలా వైపు బాగా పేరు తెచ్చుకుంది. మీకు అకోలా దూరం కాదు, వీలైతే ఆ చేలు చూసి రండి.

జైనథ్_పత్తిచేను:

అందరికీ దండాలు. ఈ రోజు పొద్దున ముసురు కొంచెం తెరిపిచ్చింది. అక్కా, మీరు చెప్పినట్టే లోపలికి పోయి చూసిన. బాపు కూడా వెంట వచ్చిండు.

నల్లరేగడిల నాలుగో ఐదో కణుపు మధ్య చాలా చెట్లకు మూడు అంగుళాలు ఉంది, కొన్నింటికి ఇంకా ఎక్కువ. ఒక చెట్టుకు బాపు తన వేళ్లు పెట్టి చూసిండు, మూడు వేళ్లు దాటి ఇంకా సందున్నది. తెల్ల పువ్వులు ఇప్పుడిప్పుడే, ఎకరంల అక్కడొకటి ఇక్కడొకటి, పువ్వు పైన తొమ్మిది కణుపుల దాకా ఉన్నయ్. రాలిన గూడ చీలిస్తే పురుగు లేదు, రంధ్రం లేదు. అన్నీ కాడ దగ్గర పసుపు. సాలు నడుమ వంగి చూస్తే కింది ఆకులు తడి ఆరలే, పొద్దున పదకొండు అయినా నీళ్లు కారుతున్నయ్. ఆకు కింద పచ్చదోమ ఒకటి రెండు కనబడ్డయ్, ఎక్కువ లేదు.

బరక నేలల మాత్రం రెండు కణుపుల మధ్య అంగుళమున్నర. అక్కడ గూడ రాలుడు కూడా లేదు.

ఇప్పుడు చెప్పుండ్రి. మూడో యూరియా బస్తా కూడా తెచ్చి పెట్టిన, అది వెయ్యాల్నా?

మానుకోట_యువరైతు:

నాది కూడా ఇదే ప్రశ్న కానీ వేరే రకం. మా ఊర్ల న్యూమాటిక్ ప్లాంటర్ (గింజలు నాటే యంత్రం) కిరాయికి వచ్చింది, 90×15ల, అంటే మూడు ఫీట్ల సాలుకు అరఫీటు ఎడంల వేసి ఇచ్చింది. మాది ఎర్ర చల్క, బోరు లేదు. పత్తి మోకాలెత్తు ఉంది. ప్లాంటర్ వచ్చినాయన మెపిక్వాట్ రెండు సార్లు కొట్టుడు తప్పనిసరి అని చెప్పి పోయిండు. చెట్టు చిన్నగనే ఉన్నా కొట్టాల్నా?

నర్సంపేట_రేగడి:

మానుకోట తమ్మీకి ముందు చెప్త, అది చిన్న జవాబు. మోకాలెత్తు, చల్క, బోరు లేదు అంటే తప్పనిసరి కాదు. కణుపు కొలువు. రెండంగుళాలు లోపలుంటే కొట్టకు. ఎర్ర చల్కల ఒత్తుగ పెట్టుడులో ఉన్న సుఖమే అది, నేలే చెట్టును చిన్నగ ఉంచుతది, మందు పని సగం మట్టే చేస్తది. రెండు మూడు పెద్ద వానలు పడి, చెట్టు ఒక్కసారిగ లేస్తే అప్పుడు మళ్ల కొలిచి చూడు. క్యాలెండర్ చూసి కొట్టే మందు కాదిది.

జైనథ్ తమ్మీ, నువ్వు చెప్పిన గుర్తులన్నీ ఒక్క దిక్కే చూపిస్తున్నయ్. మీ బాపు వేళ్లు పెట్టి కొలిచిండంటే నాకు సంతోషమైంది, ఆయన కండ్లతో ఆయన చూసిండు.

నల్లరేగడి రెండున్నర ఎకరాలల్ల కొట్టు. లీటరుకు 1 మి.లీ. దాటకు. ఒంటిగ కొట్టు, దాంట్ల టానిక్కూ వద్దు, పురుగుమందూ వద్దు. పచ్చదోమ ఒకటి రెండుంటే దానికి ఇప్పుడే మందెందుకు. నేల పదునుగ ఉంది, చెట్టు వాడిపోయి లేదు, అది ముఖ్యం. పొద్దున ఆకు తడి ఆరినంక మొదలుపెట్టు, సాయంత్రం దాకా వాన రాని రోజు చూసుకో. ముసురు మళ్ల కమ్ముకుంటే ఆగు, కడిగేసిన మందుకు మళ్ల పైసలు పెట్టుడు దండగ. ఈ మందు పని చేసేది పైన లేత చిగురుల కాబట్టి కొసలు తడవాలె, కింది ఆకుల మీద నీళ్లు కారేటట్టు కొట్టాల్సిన పని లేదు.

మూడో యూరియా ఇప్పుడే వెయ్యకు. ఎకరానికి మొత్తం నత్రజని 60 కిలోలు అని చెప్తరు, అది 20, 40, 60, 80 రోజులకు విడదీసి. నీ చెట్టు ఇప్పటికే దాహం తీరేదానికంటే ఎక్కువ తాగి ఉంది. మందు కొట్టి, పదిరోజులు ఆగి, కొత్త కణుపు ఎంత సాగిందో చూసి, అప్పుడు తక్కువలో వెయ్యి. ఒక చేత్తో యూరియా, ఇంకో చేత్తో మెపిక్వాట్ పట్టుకొని తిరిగే రైతులను నేను మస్తుగ చూస్తున్న. ఎక్కువ యూరియా ఖర్చును ఇంకో మందు ఖర్చుతో దిద్దుకునుడు అది. పొటాష్ మాత్రం ఆపకు, కాయ ఊరనీకి అది కావాలె. ఆ బరక నేలల మూడో దఫా యూరియా టైముకు వేసుకో, చెట్టుకు నాలుగు వేళ్ల దూరంల గుంత తీసి మట్టి కప్పు.

సాలు నడుమ తడి ఆరలేదన్నవ్, అది నన్ను ఎక్కువ భయపెడుతున్నది. ఒత్తు పత్తిల అసలు నష్టం అక్కడి నుంచే వస్తది. కింది కాయలు, అన్నిటికన్నా బరువైన కాయలు, గాలి ఎండ తగలక కుళ్లుతయ్. వాగు పక్క చేను కాబట్టి నీళ్లు నిలిచే చోట్లకు బాట తియ్యి, రెండు మూడు చోట్ల అడ్డం కాలువ చాలు. అడుగున రెండు లావు పక్క కొమ్మలు, కాండం లెక్కనే నిటారుగ పైకి పోయేటివి ఉంటయ్, అవి కాయ కొమ్మలు కావు. కాయ కొమ్మ వంకరటింకరగ, గూడ గూడకూ మలుపు తిరుగుకుంట పోతది, పట్టుకొని చూస్తే తేడా తెలుస్తది. కూలీలు దొరికితే సాలుకు అడ్డం పడ్డ లావు కొమ్మలు విరిపించు. దొరకకపోతే ఊరికే ఉండు, దానికోసం అప్పు చెయ్యకు.

గూడ రాలుడుకు ఎండ రెండు దినాలు గట్టిగ కాస్తే సగం తగ్గుతది. తగ్గకపోతే పల్నాడు అన్న చెప్పిన ప్లానోఫిక్స్, అదే మోతాదుల. దాన్ని మెపిక్వాట్ కొట్టిన దినమే కొట్టకు, ఓ వారం ఎడం ఇయ్యి. 13-0-45 (పొటాషియం నైట్రేట్) లీటరుకు పది గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ పది గ్రాములు కాయ దశల కొట్టుకోవచ్చు, ముసురుకు ఆకు ఎర్రబారకుండ.

వచ్చే ఏడు దూరం అడిగినవ్. నా మాట నీకు తలకిందులుగ అనిపిస్తది. ఒత్తుగ పెట్టాల్సింది నీ బరక నేలల. అక్కడ మూడు ఫీట్ల ఎడంల పెట్టిన చెట్టు ఎంత చేసినా పదహారు కాయలు దాటడం కష్టం. 4,840 చెట్లు, పదహారు కాయలు, నాలుగు గ్రాములు, కలిపితే మూడు క్వింటాళ్ల పైచిలుకు. సాళ్ల నడుమ ఎండంతా నేల మీద పడి పోతున్నది, పట్టుకునే ఆకు లేదు. అదే నేలల ఒక ఫీటుకు పెడితే చెట్టుకు పది కాయలే వచ్చినా, ఒత్తుకు కాయ కొంచెం చిన్నదై మూడున్నర గ్రాములే తూగినా ఐదు క్వింటాళ్లైతది. ఆ నేల చెట్టును పెరగనియ్యదు, మెపిక్వాట్ ఖర్చు కూడా ఉండకపోవచ్చు. గింజ ఖర్చు, కలుపు ఖర్చు రెండూ ముందే లెక్కగట్టుకో. 2025-26కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, తేమ ఎనిమిది శాతం దాటితే ధరల కోత. ఆ రేటుకు పెరిగే రెండు క్వింటాళ్లల్ల నుంచి ఇవి తీసేస్తే ఏం మిగులుతదో బాపుతోని కూసొని కాగితం మీద రాయి.

నల్లరేగడిలనేమో మూడుకు రెండు పెట్టుకో. ఒక ఫీటే కావాలంటే గుత్తంగ పెరిగే, తొందరగ వచ్చే విత్తనం అయితేనే. పెద్ద కొమ్మలు వేసి గొడుగు లెక్క విప్పుకునే హైబ్రిడ్‌ను ఒక ఫీటుకు పెట్టి, తర్వాత మందుతో కుదించుకుందాం అనుకోవద్దు. దుకాణంల కాయ సైజు అడిగేముందు చెట్టు ఎట్ల పెరుగుతది, ఎన్ని రోజులు అని అడుగు.

చివరగ, ఇది తప్పకుండ చెయ్యి. చేను నడుమ నాలుగు సాళ్లు మందు కొట్టకుండ వదిలెయ్యి, రెండు కొసలకు కర్రలు పాతి గుర్తు పెట్టు. పక్కనే కొట్టిన నాలుగు సాళ్లకు కూడా కర్రలు పాతు.

జైనథ్_పత్తిచేను:

అక్కా, సారూ, పల్నాడు అన్నా, అందరికీ శనార్థులు. బాపు మొత్తం చదివించుకున్నడు. యూరియా ఆపుడుకు ఒప్పుకున్నడు. బరక నేలల ఒక ఫీటు ఎడం అంటే మాత్రం ఇంకా గునుస్తున్నడు, "గుంటుక అడ్డం తిరగకుంటే గడ్డి ఎవరు తీస్తరు" అంటున్నడు. ఒక్క ఎకరం పెట్టి చూద్దామన్న, చూద్దాం అన్నడు.

టానిక్ వాపస్ తీసుకోమని దుకాణానికి పోత. మొగులు ఈ రెండు దినాలు తేటగ ఉంటే ఎల్లుండి మెపిక్వాట్ కొడుత. ఒకటి అడుగుడు మర్చిన: ఆ వదిలిన నాలుగు సాళ్లల్ల ఏమేం చూసి రాసుకోవాలె?

నర్సంపేట_రేగడి:

పదిహేను రోజులకొకసారి రెండు దిక్కులా పది పది చెట్లు పట్టి ఎత్తు, కాయల లెక్క రాసుకో. కింద కుళ్లిన కాయలు వేరే రాయి, అవే ఎక్కువ చెప్తయ్. మొదటి ఏరుడు ఏ దిక్కు ముందు వచ్చిందో తారీఖు వేసుకో. ఏరేటప్పుడు ఆ నాలుగు సాళ్ల పత్తిని, పక్క నాలుగు సాళ్ల పత్తిని వేరే వేరే బోరాలల్ల పెట్టించి, ఇంటికాడ కాంటా వేసినంకనే మిగతాదాంట్ల కలుపు. ఏరుడు ఏరుడుకూ ఇట్లనే. లెక్క వచ్చినంక ఇక్కడనే పెట్టు, మానుకోట తమ్మీకి కూడా పనికొస్తది.